ఫోన్ అడ్డంగా తిప్పితే స్క్రీన్ తిరుగుతుంది కదా... అదే టెక్నాలజీ ఫైబర్ లైన్లో ఏం చేస్తుందో తెలుసా?

మెమ్స్ అనే మాట సెన్సార్ల లిస్టులో చాలాసార్లు చూసుంటారు. సిలికాన్ చిప్ మీదే చెక్కిన, నిజంగా కదిలే బుల్లి మెషీన్లు అన్నమాట. ఫోన్‌లో యాక్సిలరోమీటర్, జైరోస్కోప్, మైక్ అన్నీ ఇవే. ఇలాగే చేసిన అద్దాలు ఇంటర్నెట్‌ని మోసే ఫైబర్ నెట్‌వర్క్‌లలో కూడా ఉన్నాయి. నాది ఏలూరు కాబట్టి మా ఏరియా లెక్కలోనే చెప్తాను.

పెద్ద లైన్లలో వెంట్రుకంత ఫైబర్ పోగులో 80, 96 "రంగుల" లేజర్ కాంతి ఒకేసారి వెళ్తుంది. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ అది, 1550 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. జంక్షన్‌లో దీన్ని దారి మళ్లించాలంటే పాత పద్ధతి ఏంటంటే, కాంతిని కరెంటు సిగ్నల్‌గా మార్చి, చదివి, మళ్లీ కాంతిగా పంపడం. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో ఒక లారీలోంచి బస్తాలన్నీ దింపి ఇంకో లారీకి ఎక్కించినట్టు. మెమ్స్ అద్దం బస్తాని ముట్టుకోదు, లారీనే ఇంకో రోడ్డు ఎక్కిస్తుంది. లోపల ఉన్నది 10 గిగాబిట్లా, 400 గిగాబిట్లా అనేది దానికి అనవసరం.

పనిచేసే తీరు సింపుల్. మిల్లీమీటరు సైజు సిలికాన్ అద్దానికి బంగారు పూత ఉంటుంది, ఎందుకంటే బంగారం ఇన్‌ఫ్రారెడ్‌ని బాగా తిప్పికొడుతుంది. సన్నని సిలికాన్ కడ్డీల మీద అద్దం వేలాడుతుంది. కింద ఎలక్ట్రోడ్‌కి వోల్టేజ్ ఇస్తే అటు ఒరుగుతుంది. వచ్చే ఫైబర్ నుంచి కాంతి మొదటి అద్దం మీద, అక్కణ్ణుంచి రెండో అద్దం మీద పడి, మనం ఎంచుకున్న ఫైబర్‌లోకి దూరుతుంది. మిల్లీసెకన్లలో పని అయిపోతుంది.

1999లో లూసెంట్ 256 పోర్టుల ల్యాంబ్డారౌటర్‌ని ప్రకటించినప్పుడు భలే హడావిడి జరిగింది. తర్వాత టెలికాం బుడగ పేలింది, అది నిలవలేదు. రంగుల్ని విడగొట్టే స్విచ్‌లలో ఇప్పుడు లిక్విడ్ క్రిస్టల్ చిప్‌లదే పైచేయి. కానీ గూగుల్ తన డేటా సెంటర్ల కోసం సొంతంగా 136 x 136 పోర్టుల మెమ్స్ స్విచ్ చేసుకుంది. అద్దాలు సరిగ్గా నిలిచాయో లేదో చూడ్డానికి లోపల కెమెరాలు కూడా పెట్టింది. నా దృష్టిలో అసలైన రీఎంట్రీ ఇదే.

ఇప్పుడు మా కొల్లేరుకి వద్దాం. మ్యాప్ తీసి రైలు లైన్లు చూడండి. విజయవాడ నుంచి నిడదవోలుకి ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా ఒక దారి. గుడివాడ, కైకలూరు, భీమవరం మీదుగా ఇంకోటి. కొల్లేరు చుట్టూ రింగ్! ఫైబర్ కూడా ఇలాగే రెండువైపులా ఉందనుకోండి. ఏలూరు దగ్గర జేసీబీ కేబుల్ తెంపితే, అద్దాలు ఒరిగి కాంతి భీమవరం వైపు తిరుగుతుంది. అద్దం తిరగడం మిల్లీసెకన్లే అయినా, ఆంప్లిఫయర్లు, రిసీవర్లు కుదురుకోవడానికి ఇంకాస్త టైం పడుతుంది. 

అయితే రెండు దారులూ ఎక్కడో ఒకే వంతెన మీదుగా వెళ్తే? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినట్టు పొంగి ఆ వంతెన పోతే, ఎన్ని అద్దాలున్నా కాంతికి వెళ్లే చోటే ఉండదు.

లంక గ్రామాల్లో అయితే ఆ రెండో దారి అసలు ఉండకపోవచ్చు. 2017 డిసెంబరులో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే వెళ్తుంది. ఇంటికొచ్చే చివరి ముక్కలో కాంతిని పంచేది మామూలు స్ప్లిట్టర్. దానికి కరెంటూ అక్కర్లేదు, కదిలే భాగమూ ఉండదు. గాలివానకి స్తంభం ఒరిగితే నెట్ పోయినట్టే. ఆ రాత్రే చెరువులో ఆక్సిజన్ పడిపోయి, మీటర్ పంపిన అలర్ట్ రైతు ఫోన్‌కి చేరకపోతే, తెల్లారేసరికి చేపలు తేలిపోతాయి.

అందుకే చెరువు దగ్గర సెన్సార్ పెట్టే ఫ్రెండ్స్‌కి నేను చెప్పేది ఒకటే: ఫైబర్‌తో పాటు 4జీ సిమ్ పడే రౌటర్ తీసుకోండి. రెండు ఫైబర్ కనెక్షన్లు పెట్టించుకునేవాళ్లు మాత్రం డబ్బు కట్టేముందు ఒకసారి తలెత్తి, రెండు కేబుళ్లూ ఒకే స్తంభానికి వేలాడుతున్నాయేమో చూసుకోండి.