మెట్లెక్కలేని మోకాళ్ళ మాట

చెల్లీ, దసరా రాత్రి దేవరగట్టులో మాళమల్లేశ్వర స్వామి కల్యాణమయ్యాక, బన్నీ కర్రల సమరంలో ఎవరి తల పగిలిందో తెల్లారేసరికి ఊరూరా తెలిసిపోతుంది. గట్టు మెట్లెక్కలేక కిందే చతికిలబడిన ఆడవాళ్ళ మోకాళ్ళ సంగతి మాత్రం ఎవరూ అడగరు. వాతం అని మనమే సరిపెట్టుకుంటాం.

ప్రతి నొప్పీ క్యాల్షియం తక్కువై వచ్చేదేనని నేననను. కానీ వేళ్ళు తిమ్మిరెక్కడం, నోటి చుట్టూ చీమలు పాకినట్టుండటం, రాత్రిళ్ళు పిక్కలు పట్టేయడం ఉంటే పరీక్ష చేయించుకో. విటమిన్ డి కూడా చూడమని అడుగు. రక్తంలో క్యాల్షియం తగ్గినప్పుడల్లా ఒళ్ళు దాన్ని ఎముకల్లోంచి తీసి సర్దేస్తుంది. రిపోర్టులో అంకె బాగానే ఉన్నా లోపల ఎముక గుల్లవుతూ ఉండొచ్చు.

ఎండలో పత్తి తీసేదాన్ని, విటమిన్ డికి నాకేం లోటు అంటావేమో. తిరుపతి స్విమ్స్ డాక్టర్లు పల్లెవాళ్ళనీ పట్నంవాళ్ళనీ పరీక్షించి 2004లో రాశారు: పొలం పనిచేసేవాళ్ళలో విటమిన్ డి పట్నంవాళ్ళకన్నా మెరుగే, తిండిలో క్యాల్షియం మాత్రం ఇద్దరికీ తక్కువే. ఎమ్మిగనూరులో పొద్దంతా మగ్గం దగ్గర కూర్చునే అక్కలకైతే ఆ ఎండ కూడా లేదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు రోజుకు 1000 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలి, బాలింతలకు 1200. మరి మనం తినేదేమిటి? పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం స్టోరు బియ్యం అన్నం, రాత్రికి జొన్నరొట్టె, బుడ్డల (వేరుశనగ) పొడి. రుచికి వంక పెట్టలేం. కానీ వంద గ్రాముల జొన్నల్లో క్యాల్షియం 30 కూడా ఉండదు, బుడ్డల్లో 100 దాటదు. అదే రాగుల్లో 340 పైనే. 2023 మార్చిలో మన బడుల్లో పిల్లలకు రాగిజావ మొదలుపెట్టారు కదా, అదే జావ ఇంట్లో తల్లికి ఎందుకు కాయకూడదు? రొట్టె మానమని కాదు, పక్కన బుడ్డల పొడికి బదులు నువ్వుల పొడి పెట్టుకో. పొట్టు తీయని నువ్వులు రెండు పెద్ద చెంచాలు తింటే 200 దాకా వస్తుంది. పావు లీటరు పాలకో పెరుగుకో 300. టీలో పోసే కాసిన్ని పాలను లెక్కేసుకోకు. మునగాకు మంచిదే. పాలకూరలో ఉన్న క్యాల్షియం మాత్రం ఆక్సలేట్ల వల్ల ఒంటికి సరిగా అందదు.

మాత్రల దగ్గరే మనవాళ్ళు ఎక్కువ తడబడతారు. క్యాల్షియం కార్బొనేట్ 1250 అని రాసి ఉంటే అందులో అసలు క్యాల్షియం 500. అది అన్నం తిన్నాక వేసుకోవాలి. ఒకేసారి రెండు మింగితే రెట్టింపు అందదు, పొద్దునొకటి రాత్రొకటి మేలు. ఐరన్ మాత్రతో కలిపి అస్సలు వద్దు, రెండు గంటలైనా ఎడం ఉంచు. థైరాయిడ్ మాత్రకైతే నాలుగు గంటలు. గర్భిణులకు నాలుగో నెల నుంచి, కాన్పయ్యాక ఆరు నెలల దాకా రోజుకు రెండు క్యాల్షియం మాత్రలు ప్రభుత్వమే ఇస్తుంది. అటక మీద దాచిపెట్టకు తల్లీ, మింగు.

విటమిన్ డి 60,000 యూనిట్ల గుళిక మామూలుగా వారానికొకటి, అదీ డాక్టరు చెప్పినన్ని వారాలే. బలానికని షాపులో కొని రోజూ వేసుకుంటే క్యాల్షియం మితిమీరి కిడ్నీలు దెబ్బతింటాయి. ఇదివరకు కిడ్నీలో రాళ్ళుంటే మాత్ర మొదలుపెట్టకముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పు. ఇక చేతి వేళ్ళు వాటంతటవే కొంకర్లు పోతే తెల్లారేదాకా ఆగకు, వెంటనే ఆదోని పెద్దాసుపత్రికి బయల్దేరు.