పలుపుతాడు పిల్లల చేతికివ్వండి

సంక్రాంతి వెళ్లాక మన పల్లెల్లో పశువైద్య శిబిరాలు జరుగుతుంటాయి. గొర్రెలకు నట్టల మందు తాగిస్తారు, ఎద చూపని గేదెలను పరీక్షిస్తారు. చాలాచోట్ల వాటితోపాటే లేగదూడల ప్రదర్శన కూడా పెడతారు. ఊళ్లోని దూడలన్నిటినీ ఒకచోట వరసగా కడతారు. పశువైద్యాధికారి ఒక్కో దూడ దగ్గరా ఆగి వయసు అడుగుతాడు, ఒంటిమీద వెంట్రుక నిగనిగలాడుతోందా, కాళ్లు నిటారుగా నిలుస్తున్నాయా, కళ్లలో చురుకుందా అని చూస్తాడు. వయసుకు తగ్గట్టు పెరిగిన దూడలకు బహుమతులిస్తారు.

ఉదయగిరి, ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్లలో ఇలాంటి ప్రదర్శన ఉందని తెలిస్తే, ఆ పూట కుటుంబమంతా కలిసి వెళ్లమని చెబుతాను. వ్యక్తిత్వ వికాసం అనగానే చాలామంది తల్లిదండ్రులకు గుర్తొచ్చేవి వేదికెక్కి మాట్లాడటం, ధారాళంగా ఇంగ్లీషు, పదిమందిలో ముందుండటం. అవన్నీ కావలసినవే. అయితే వాటన్నిటికీ కింద ఒక పునాది ఉండాలి. తనను కాసేపు మరిచిపోయి, ఎదుటి ప్రాణికి ఏం కావాలో గమనించగలగడమే ఆ పునాది. నోరులేని జీవం దగ్గర పిల్లలు దాన్ని నేర్చుకున్నంత బాగా మరెక్కడా నేర్చుకోలేరు. దూడ తన బాధ చెప్పుకోలేదు కాబట్టి మనమే చూసి తెలుసుకోవాలి.

ముందు చూపు నేర్పండి

వెలిగొండల పక్కనున్న ఈ మెట్ట నేలలో వానను నమ్ముకున్న పంట ఒక ఏడు చేతికొస్తే మరో ఏడు రాదు. సోమశిల నీళ్లు అందే ఊళ్ల సంగతి వేరు. అందని ఊళ్లలో ఇంటిని నిలబెట్టేది గేదె పాలు, నాలుగు గొర్రెలు. అందుకే ఇక్కడి కాపరులకు చూపు బాగా పదును. మందలో ఏ గొర్రె మేత తక్కువ తింటోందో, ఏది వెనకబడి నడుస్తోందో దూరం నుంచే పట్టేస్తారు. వరికోతలయ్యాక మందల్ని పల్లపు ఊళ్లకు తోలుకెళ్లి, రాత్రుళ్లు పొలాల్లో మంద కట్టి, ఆ ఎరువుకు ప్రతిఫలం తీసుకునే కాపరికి ఒక్కో జీవం ఆరోగ్యమూ ఒక్కో లెక్క.

మన నెల్లూరు గొర్రె దేశంలోని గొర్రె జాతుల్లో అన్నిటికంటే ఎత్తైనది. ఒంటిమీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకే. ఎండలు మండే ఈ నేలకు అదే సరిపోయింది. ఇందులో మూడు రకాలున్నాయి. ఒళ్లంతా తెల్లగానో, తల, మెడ, వీపు మీద లేత గోధుమ మచ్చలతోనో ఉండేది పల్ల. తెల్లటి ఒంటికి కళ్ల చుట్టూ, మూతి దగ్గర నల్లమచ్చలుండేది జోడిపి. పూర్తిగా గోధుమ ఎరుపులో ఉండేది దొర. శిబిరానికి వచ్చిన మందను చూపించి ఈ మూడు రకాలనూ వేరు చేయమని పిల్లలను అడగండి. మొదట అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పది నిమిషాలయ్యేసరికి తేడాలు వాళ్లంతట వాళ్లే చెప్పడం మొదలుపెడతారు.

తర్వాత ఆవు నోరు చూపించమని రైతును అడగండి. పైదవడకు ముందుపళ్లు ఉండవని తెలిసి పిల్లలు ఆశ్చర్యపోతారు. రెండేళ్లు దాటే వేళకు కింద రెండు పెద్దపళ్లు వస్తాయి. బండలాగుడు పోటీల్లో పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు చేసేది ఈ లెక్కతోనే. చదువురాని రైతు కూడా పుట్టినరోజు పత్రం అవసరం లేకుండా పశువు వయసు చెప్పగలడు. ఓపికగా చూస్తే ఎంత తెలుస్తుందో పిల్లలకు అర్థమవుతుంది.

ఇలాంటి చూపే ప్రపంచానికి ఒక గొప్ప జాతిని ఇచ్చింది. బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే పశువుల్లో ఎక్కువభాగం నెలోర్ జాతివో, దానితో సంకరం చేసినవో. అవి మన ఒంగోలు పశువులే. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడక ముందు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది, అందుకే అక్కడ ఆ పేరు నిలిచింది. 1960ల తొలినాళ్లలో ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరుతో వెళ్లిన కోడె అక్కడి జాతిచరిత్రలో ఇప్పటికీ ప్రసిద్ధం. ఏ ప్రయోగశాలా లేని కాలంలో తరతరాల రైతులు మూపురం, నడక, ఒళ్లు చూసి మంచి కోడెను ఎంచి నిలిపిన ఫలితం అది.

‘ఎందుకు?’ అని అడగనివ్వండి

పిల్లవాడు దూడను చూసి “బాగుంది” అంటే అక్కడితో వదిలేయకండి. ఎందుకు బాగుందో చెప్పమనండి. అమెరికా పల్లెల్లో పిల్లలకు పశువులను అంచనా వేసే పోటీలు పెడతారు. నాలుగు పశువులను ముందు నిలబెడతారు. పిల్లలు వాటికి వరస ఇవ్వాలి, ఆపై ఆ వరస ఎందుకిచ్చారో న్యాయనిర్ణేత ముందు నిలబడి నోటితో వివరించాలి. మన దగ్గర అంత ఏర్పాటు అక్కర్లేదు. వరసలో కట్టిన దూడల్లో ఏవైనా నాలుగింటిని ఎంచుకుని, అన్నాచెల్లెళ్లను చెరొక వరస చెప్పమనండి. ఇద్దరి మాటా కలవకపోతే ఇంకా మంచిది. గొంతు పెంచకుండా, కళ్లముందున్నది చూపిస్తూ తన అభిప్రాయం నిలబెట్టుకోవడం పెద్దయ్యాక ప్రతి ఉద్యోగంలోనూ, ప్రతి ఇంట్లోనూ అవసరమయ్యే విద్య.

రైతులతో మాట్లాడే పని కూడా పిల్లలకే అప్పగించండి. మీరు ఒక అడుగు వెనక ఉండండి.

“మామా, మీ దూడ ఒక్కటే ఇంత బాగా ఎట్లా పెరిగింది?”

“ఏందబ్బయ్యా, కొత్తగా ఏం చేశాం! పుట్టిన గంటలోపల దానికి జున్నుపాలు తాపినాం. ముందు దాని కడుపు నిండాకే మాకు.”

రైతు నుంచి ఇలాంటి జవాబు వస్తే, దాని వెనకున్న శాస్త్రాన్ని మీరు కలపండి. ఆవు, గేదె కడుపులో ఉన్నంతకాలం తల్లి రోగనిరోధక శక్తి దూడకు చేరదు. పుట్టాక తొలిపాల ద్వారానే చేరాలి. ఆ పాలలోని రోగనిరోధక శక్తిని పూర్తిగా ఇముడ్చుకునే గుణం దూడ పేగులకు మొదటి కొన్ని గంటలే ఉంటుంది, ఒక రోజు గడిచేసరికి దాదాపు పోతుంది. జున్ను ఇష్టంగా తినే పిల్లలకు ఇంతకంటే సూటిగా తగిలే పాఠం ఉండదు. మన నాలుకకు రుచి అయినది అవతలి ప్రాణికి ప్రాణాధారం కావచ్చు. ముందు ఎవరికి అందాలో ఆలోచించడం అక్కడ మొదలవుతుంది.

ప్రేమకు తెలివి తోడు కావాలి

కనుమ నాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగులేసి, పూజ చేసి పొంగలి పెడతాం. ఆ కృతజ్ఞత మన సంస్కారం, దాన్ని కాపాడుకోవాలి. అయితే గంపెడు అన్నం ఒకేసారి తినిపిస్తే పశువు పెద్దపొట్టలో ఆమ్లం పెరిగిపోతుంది. మేత మానేస్తుంది, నెమరు ఆగుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. పెట్టిన మనిషి ప్రేమతోనే పెట్టాడు. పశువుకు మాత్రం గుప్పెడు పొంగలి, ఆపైన గడ్డి, నీళ్లే మేలు.

ఈ సంగతిని పిల్లలకు వివరంగా చెప్పండి. ప్రేమించేటప్పుడు మన ఇష్టం కంటే ఎదుటివారి అవసరం ముఖ్యమని తెలిసిన పిల్లవాడు రేపు మంచి స్నేహితుడవుతాడు, మంచి తండ్రి అవుతాడు. తల్లిదండ్రులం మనం కూడా ఒక్కసారి ఆలోచించుకోవాలి. మనం పిల్లల మీద కుమ్మరిస్తున్న వాటిలో వాళ్లకు నిజంగా కావలసినవెన్ని?

చేతికి పని ఇవ్వండి

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో 1902లో ఏ.బి. గ్రాహం అనే విద్యావేత్త పల్లె పిల్లల కోసం ఒక సంఘం మొదలుపెట్టాడు. అదే తర్వాత ఫోర్-హెచ్ ఉద్యమంగా పెరిగింది. బుర్ర, హృదయం, చేతులు, ఆరోగ్యం, ఈ నాలుగూ కలిసి ఎదగాలన్నది దాని ఆశయం. వాళ్ల పశు ప్రదర్శనల్లో ఒక విభాగం నాకు చాలా ఇష్టం. అందులో మార్కులు పశువుకు వేయరు, పిల్లవాడు దాన్ని ఎలా నడిపిస్తున్నాడో, బెదిరినప్పుడు ఎలా శాంతపరుస్తున్నాడో చూసి వేస్తారు.

మన ప్రదర్శనల్లో దూడను పట్టుకుని నిలబడేది ఎక్కువగా పెద్దవాళ్లే. ఇంట్లో దూడ ఉంటే ఈసారి పలుపుతాడు పాపకో బాబుకో ఇవ్వండి. వారం ముందు నుంచే రోజూ కాసేపు నడిపించమనండి. కొన్ని జాగ్రత్తలు ముందే నేర్పాలి. పశువుకు సరిగ్గా వెనక ఉన్నది కనిపించదు, కాబట్టి వెనకనుంచి వెళ్లకూడదు, భుజం వైపునుంచి మెల్లగా మాట్లాడుతూ చేరాలి. తాడును చేతికి చుట్టుకోకూడదు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అరిస్తే దూడ మొండికేస్తుంది, నెమ్మదిస్తే అడుగు వేస్తుంది. తన కోపాన్ని అదుపులో పెట్టుకుంటేనే పని జరుగుతుందని ఏ ఉపన్యాసమూ లేకుండా పిల్లలు తెలుసుకుంటారు.

బహుమతి రాని పిల్లలకు

మొదటి బహుమతి ఒకరికే వస్తుంది. రాని పిల్లల ముఖం చిన్నబోతుంది. అప్పుడు “వాళ్లకు ముందే తెలుసు, మాట్లాడుకున్నారు” అని మాత్రం అనకండి. ఆ ఒక్క మాటతో పిల్లవాడు కష్టం మీద నమ్మకం పోగొట్టుకుంటాడు. గెలిచిన దూడ దగ్గరికి తీసుకెళ్లి, ఆ ఇంటివాళ్లను అభినందించమనండి. ఏం మేపారో, నట్టల మందు ఎప్పుడు వేశారో కనుక్కోమనండి. మన దూడ పోయినేడు కంటే ఎంత మెరుగైందో గుర్తుచేయండి. ఓటమి నుంచి ఒక ప్రశ్నతో బయటపడటం అలవాటైతే పరీక్షలో మార్కులు తగ్గినప్పుడు కూడా ఆ పిల్లలు కుంగిపోరు.

ఇంటికొచ్చాక

ఒక్క పూటతో వ్యక్తిత్వం తయారుకాదు. ప్రదర్శన ఆసక్తిని రేపుతుంది, దాన్ని నిలబెట్టేది రోజువారీ బాధ్యత. దూడ ఉన్న ఇంట్లో దాని తొట్టిలో నీళ్లు నింపే పని పూర్తిగా పిల్లలకే ఇవ్వండి. మరిచిపోతే మీరు చేసేయకుండా గుర్తుచేసి చేయించండి. ఒక నోటు పుస్తకంలో టీకాల తేదీలు, ఛాతీ చుట్టుకొలత రాయించండి. ఆత్మకూరు టౌనులో అద్దె ఇంట్లో ఉన్నవారికి దూడ కుదరకపోవచ్చు. రెండు కోళ్లు, మిద్దెమీద కుండీలో బెండమొక్క, పక్షులకు నీళ్లపళ్లెం, ఏదైనా సరే. తాను మానేస్తే ఒక ప్రాణి ఇబ్బంది పడుతుందని తెలిసిన పనే బాధ్యత నేర్పుతుంది.

ప్రదర్శన ఎప్పుడో రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుణ్ణి అడిగితే చెబుతారు. ఈ సంక్రాంతికి ఊరికి వెళ్తున్నవారు తిరుగు ప్రయాణం ఒక రోజు వాయిదా వేసుకోండి. తాతయ్యనూ నాయనమ్మనూ కూడా తీసుకెళ్లండి. పశువుల గురించి వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు, మనవలు అడిగితే సంతోషంగా చెబుతారు. మీ పని ఒక్కటే, ఫోను జేబులో పెట్టుకుని, మీ పిల్లలు దేన్ని గమనిస్తున్నారో మీరు గమనించడం. అలా గమనించే తల్లిదండ్రులున్న ఇంట్లో పిల్లలు ఎదుటివారిని గమనించడం తప్పకుండా నేర్చుకుంటారు.