సొమ్ముకు ముందు పరీక్ష
(సూరా నిసా, 6వ ఆయతు పాఠం)

 

తండ్రిని కోల్పోయిన పిల్లల ఆస్తిని చూసుకునే సంరక్షకులకు అల్లాహ్ ఈ ఆయతులో కొన్ని ఆదేశాలిచ్చాడు. వాటి సారాంశం ఇది: పిల్లలు వివాహ వయస్సుకు చేరే వరకు వారిని పరీక్షిస్తూ ఉండాలి. వారిలో వివేకం కనిపిస్తే వారి సొమ్ము వారికి అప్పగించాలి. పెద్దవారై అడుగుతారేమోనని ముందే తినేయకూడదు. అప్పగించే వేళ సాక్షులను పెట్టుకోవాలి.

వివేకానికి ఇక్కడ వాడిన అరబీ పదం ‘రుష్ద్’. హనఫీ ఫిఖ్‌ ప్రకారం ఈ సందర్భంలో దీని అర్థం సొమ్మును సరిగా వాడుకునే నేర్పు. ఇమామ్ షాఫిఈ (రహ్మతుల్లాహి అలైహి) దీనికి ధర్మనిష్ఠను కూడా జోడించారు. మరి పరీక్షించడం ఎలా? పిల్లవాడి చేతికి కొంత సొమ్మిచ్చి కొనుగోలు, అమ్మకం చేయనివ్వాలని హనఫీ పండితులు చెప్పారు. సంరక్షకుని అనుమతితో బాలుడు చేసిన బేరం వారి దృష్టిలో చెల్లుతుంది. షాఫిఈ పండితుల ప్రకారం బేరం పిల్లవాడు ఆడాలి, ఒప్పందం మాత్రం పెద్దవారు ముగించాలి. ఎవరి మాట తీసుకున్నా ఇది నోటి ప్రశ్నలతో అయ్యే పరీక్ష కాదు. పైగా ఆస్తి చేతికి రాకముందే జరగవలసిన పరీక్ష.

శంషాబాద్ ప్రాంతంలో ఉన్నవారికి ఈ ‘ముందే’ అన్న మాట విలువ వేరే చెప్పనక్కరలేదు. 2008 మార్చిలో ఇక్కడ విమానాశ్రయం ప్రారంభమైంది. దాని ఆవరణ సుమారు 5,500 ఎకరాలు. ఆ రోజుల్లో చుట్టుపక్కల భూముల ధరలు, తరతరాలుగా సేద్యం చేసుకున్న కుటుంబాలు కలలో కూడా అనుకోనంత ఎత్తుకు పోయాయి. అమ్మిన సొమ్ము ఒక్కసారిగా ఇంట్లోకి వచ్చింది. గుంటల లెక్క, ఎకరాల లెక్క వారికి బాగా తెలుసు. లక్షల లెక్క మాత్రం ఎవరూ నేర్పలేదు. కొందరు వేరేచోట భూమి కొన్నారు, పిల్లలను చదివించుకున్నారు. కొందరి ఇళ్ళలో అది కార్లకు, ఫంక్షన్ హాళ్ళకు, పెళ్ళి విందులకు కరిగిపోయింది. అలాంటి ఇళ్ళ యువకులు కొందరు ఇవాళ అదే విమానాశ్రయానికి క్యాబు నడుపుతున్నారు. అది హలాల్ సంపాదనే, అందులో చిన్నతనం లేదు. బాధ ఏమిటంటే, ఆ క్యాబు కూడా అప్పు మీద తీసుకున్నదే.

మా మక్తబ్‌లో ఎనిమిదో తరగతి చదివే ఒక అబ్బాయి నన్నొకసారి అడిగాడు: “మౌల్సాబ్, వడ్డీ తినేవాడినీ, తినిపించేవాడినీ, దాన్ని రాసేవాడినీ కూడా ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) శపించారని మీరే చెప్పారు కదా. మరి బడిలో చక్రవడ్డీ లెక్కలు రాయవచ్చా?”

మంచి ప్రశ్న. ఆ హదీసు వడ్డీ వ్యవహారాన్ని నిజంగా రాసి నడిపించేవారి గురించి. లెక్క నేర్చుకోవడం వేరు. వడ్డీకి దూరంగా ఉండాలనుకునేవాడికే ఆ లెక్క ఎక్కువ అవసరం. ఎందుకంటే వడ్డీ ఎప్పుడూ తన అసలు పేరుతో రాదు. మన దగ్గర ‘నూటికి మూడు’ అంటే నెలకు మూడు, అంటే సంవత్సరానికి 36. బ్యాంకు చెప్పే అంకె సంవత్సరానిది. ఈ తేడా తెలియక రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చేవారు ఎందరో!

డైలీ ఫైనాన్సు సంగతి చూడండి. అప్పు పదివేలంటారు, ముందే 1,500 పట్టుకుని 8,500 చేతికిస్తారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. ‘పదివేలకు 1,500, అంటే నూటికి పదిహేనే’ అనిపిస్తుంది. కానీ రోజూ కడుతున్న కొద్దీ మన దగ్గర ఉన్న అసలు తగ్గిపోతుంది. సగటున మనం వాడుకున్నది 4,250 మాత్రమే. దాని మీద 100 రోజులకు 1,500! నెలకు నూటికి పది రూపాయల పైమాటే. ఏడాదికి లెక్కిస్తే అసలును మించిపోతుంది. ఈ లెక్క పలక మీద వేసి చూపినప్పుడు ఆ పిల్లలు కాసేపు మాట్లాడలేదు. వారిలో కొందరి ఇళ్ళకు సాయంత్రం పూట ఆ వసూలు మనిషి వస్తాడు.

బడులు ఈ విద్యను నేర్పడం మంచిదే. రిజర్వు బ్యాంకు, సెబీ, బీమా, పింఛను నియంత్రణ సంస్థలు కలిసి స్థాపించిన జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం, సీబీఎస్ఈతో కలిసి 6 నుంచి 10వ తరగతి వరకు అభ్యాస పుస్తకాలు తెచ్చింది. అయితే బ్రెజిల్ అనుభవం కూడా మనం చూడాలి. అక్కడ 2010-11లో 892 ఉన్నత పాఠశాలల్లో ఈ పాఠాలను పరీక్షించారు. పిల్లల్లో తెలివిడి పెరిగింది, పొదుపూ పెరిగింది. దానితో పాటు క్రెడిట్ కార్డుల వంటి ఖరీదైన అప్పులతో వస్తువులు కొనడం కూడా పెరిగింది! దారి చూపించారు గాని, ఎక్కడ ఆగాలో చెప్పలేదన్నమాట. ఆ హద్దు చెప్పవలసింది ఇల్లు, మక్తబ్.

మా వైపు లోపం కూడా ఒప్పుకోవాలి. మదరసాలో హిదాయా గ్రంథంలోని క్రయవిక్రయాల అధ్యాయం నెలల తరబడి చదివాం. బయటికి వచ్చాక బ్యాంకు ఫారం నింపడానికి నేను పక్కవాడి సహాయం అడిగాను.

ఇంట్లో దీన్ని మొదలుపెట్టడం కష్టం కాదు. పన్నెండేళ్ళ అబ్బాయికైనా, అమ్మాయికైనా వారం కూరగాయల సొమ్ము అప్పగించండి. ఒక నోటు పుస్తకంలో వచ్చింది, పోయింది, మిగిలింది రాయమనండి. తప్పు చేస్తే కొట్టకండి, మిగతా వారం ఆ తక్కువతోనే గడపనివ్వండి. ఈదీ సొమ్మును తల్లి ‘దాచిపెడతాను’ అని తీసుకుంటే దాన్ని కూడా అదే పుస్తకంలో పిల్లవాడి చేత రాయించి, తిరిగి ఇచ్చేటప్పుడు ఇంట్లో ఇంకొకరిని సాక్షిగా పెట్టండి. నవ్వులాటగా అనిపించవచ్చు. కానీ ఆయతు చివర ఉన్న ఆదేశం సరిగ్గా ఇదే.

అప్పు ఇచ్చేటప్పుడు, పుచ్చుకునేటప్పుడు రాతకోతలు ఎలా ఉండాలో చెప్పే సూరా బఖరా 282వ ఆయతు పాఠం వచ్చే నెల, ఇన్షా అల్లాహ్.