రాసే చెయ్యి మార్చవద్దు

చి. అమ్మాయికి,

నీ ఉత్తరం చదివాను. నీ తరగతిలో ఇద్దరు పిల్లలు ఎడంచేత్తో బలపం పడుతున్నారనీ, వాళ్ళలో ఒకడి తాతగారు బడికొచ్చి "మావాడి పుర్రచెయ్యి మాన్పించమ్మా, అవసరమైతే రెండు తగిలించు" అని చెప్పి వెళ్ళారనీ రాశావు. పెద్దాయన మాట కాదనలేక, పసివాడి మీద చెయ్యి చేసుకోలేక సతమతమవుతున్నావు. నా మాట ముందే చెప్పేస్తాను: రాసే చెయ్యి మార్చవద్దు. ఎందుకో వివరంగా రాస్తున్నాను. ఆయనకు జవాబు చెప్పాల్సింది నువ్వు కదా, నీ దగ్గర ఆధారం ఉండాలి.

ఆ చెయ్యి ఎక్కడో నేర్చుకొచ్చిన చెడ్డ అలవాటు కాదు. ఉత్తర ఐర్లాండులోని బెల్‌ఫాస్ట్‌లో పీటర్ హెపర్ అనే శాస్త్రవేత్త గర్భిణుల స్కానింగుల్లో శిశువులు ఏ బొటనవేలు చీకుతున్నారో గమనించారు. పదిహేనో వారానికే చాలామంది కుడి వేలు నోట్లో పెట్టుకుంటున్నారు, కొద్దిమంది ఎడమ వేలు. ఆ పిల్లలు పది, పన్నెండేళ్ళ వాళ్ళయ్యాక మళ్ళీ చూసి 2005లో ఫలితం ప్రకటించారు. కడుపులో కుడి వేలు చీకిన 60 మందీ కుడిచేతి వాటం వాళ్ళే అయ్యారు. ఎడమ వేలు చీకిన 15 మందిలో 10 మంది ఎడమచేతి వాటంతో ఉన్నారు, అయిదుగురు కుడివైపు జరిగారు. 2017లో జర్మనీలోని బోహుమ్ పరిశోధకులు ఇంకా వెనక్కి వెళ్ళారు. ఎనిమిది వారాల పిండంలో, చేతుల్ని నడిపే వెన్నుపాము భాగంలోనే, కుడి ఎడమల మధ్య జన్యువుల పనిలో తేడా ఉందని చూపించారు. అప్పటికి మెదడు నుంచి చేతిని కదిలించే నాడులు వెన్నుపామును చేరనైనా చేరవు. అంటే ఆ పిల్లవాడు పలక చూడకముందే, అమ్మ ముఖం చూడకముందే ఈ మొగ్గు మొదలైందన్నమాట. దానికి వాణ్ణి కొట్టడమేమిటి?

ఇక ఇంట్లో వచ్చే రెండో ప్రశ్న ఉంటుంది: ఎవరి పోలిక? మన ఇళ్ళల్లో ఈ ప్రశ్న చివరికి కోడలి పుట్టింటి మీదికి పోతుంది. ఆ తల్లిని నువ్వు కాపాడాలి, అందుకే ఈ లెక్కలు రాస్తున్నాను. తల్లిదండ్రులిద్దరిదీ కుడిచేతి వాటమైతే నూటికి తొమ్మిది, పదిమంది పిల్లలు ఎడమచేతి వాటంతో పుడతారు. ఒకరిది ఎడమైతే ఇరవై మంది దాకా. ఇద్దరిదీ ఎడమచెయ్యే అయినా నూటికి పాతికమంది మాత్రమే. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో కూడా దాదాపు అయిదు జంటలకు ఒక జంటలో ఒకరిది కుడి, ఒకరిది ఎడమ. జన్యువులన్నీ ఒకటే అయినా చెయ్యి వేరు! వాటంలో మనుషుల మధ్య కనిపించే తేడాలో నాలుగో వంతు మాత్రమే వంశపారంపర్యానికి చెందుతుందని కవలల అధ్యయనాలు తేల్చాయి. మిగిలినదాంట్లో చాలా భాగం పిండం ఎదిగేటప్పుడు యాదృచ్ఛికంగా జరిగే చిన్న చిన్న మొగ్గులదేనని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

'ఎడమచేతి జన్యువు' అని ఒకటి ఉంటుందని నేను చదువుకునే రోజుల్లో నమ్మేవారు. లేదు. 2019లో ఆక్స్‌ఫర్డ్ బృందం బ్రిటన్‌లో నాలుగు లక్షల మంది జన్యువులు పరిశీలించి నాలుగు చోట్ల తేడా కనిపెట్టింది. ఆ తర్వాత పదిహేడు లక్షల మందిని కలిపి చూస్తే ఎడమచేతి వాటంతో సంబంధమున్న చోట్లు 41కి చేరాయి. ఒక్కొక్కదాని ప్రభావం బహు స్వల్పం. వీటిలో చాలా జన్యువులు కణానికి ఆకారమిచ్చే మైక్రోట్యూబ్యూల్స్ అనే అతి సన్నని గొట్టాలకు సంబంధించినవి. ఎదిగే మెదడులో నాడీకణాలు సాగి దారి పట్టడానికి ఆ గొట్టాలు కావాలి. 2024లో నెదర్లాండ్స్ బృందం ఈ గొట్టాల్లోని ఒక ప్రొటీన్ జన్యువులో అరుదైన మార్పులు ఎడమచేతి వాళ్ళలో 2.7 రెట్లు ఎక్కువని చూపింది. అయితే ఎడమచేతి వాళ్ళలోనైనా వెయ్యికి ఒకరిలో కూడా ఆ మార్పు ఉండదు. కాబట్టి ఏ తల్లినీ, ఏ వంశాన్నీ వేలెత్తి చూపే దారి లేదు.

మెదడు సంగతి నీకు తెలిసిందే. కుడి సగం ఎడంచేతినీ, ఎడమ సగం కుడిచేతినీ నడుపుతాయి, నాడులు మెదడు అడుగున మెడుల్లా దగ్గర ఒకదాన్నొకటి దాటుతాయి. చాలామంది తప్పుగా అనుకునేది ఇక్కడే: ఎడమచేతి వాళ్ళ మెదడు అద్దంలో బొమ్మలా పూర్తిగా తిరగబడి ఉంటుందని. మాట్లాడే శక్తి ఎడమ సగంలో ఉంటుందని 1860లలో పారిస్ వైద్యుడు బ్రోకా చెప్పాక ఆ ఊహ పుట్టింది. తర్వాత ఒక్కొక్క సగాన్నీ కాసేపు మత్తులో ఉంచి పరీక్షిస్తే తేలిందేమిటంటే, కుడిచేతి వాళ్ళలో నూటికి 95 మందికి పైగా, ఎడమచేతి వాళ్ళలోనూ దాదాపు 70 మందికి భాష ఎడమ సగంలోనే ఉంది. మిగిలినవాళ్ళలో కొందరికి కుడివైపు, కొందరికి రెండువైపులా. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు స్కానుల్లో చూసిన మరో సంగతి, ఎడమచేతి వాళ్ళలో రెండు వైపుల భాషా భాగాలు సగటున కాస్త ఎక్కువ పొందికగా పనిచేస్తాయి. ఇవన్నీ సగటు తేడాలు. వాటిని పట్టుకుని పిల్లవాడు మందమతి అనకు, ఎవరన్నా అంటే ఊరుకోకు. అలాగే కుడిమెదడు వాడు గనుక గొప్ప కళాకారుడవుతాడని వాడి నెత్తిన లేని బరువూ పెట్టకు.

మార్చడం సాధ్యమేనా అంటే, సాధ్యమే. మా తరం వాళ్ళను ఎందరినో మార్చారు. కానీ లోపల ఏమవుతుందో చూడు. చిన్నప్పుడు బలవంతంగా కుడిచేతికి మారినవాళ్ళు పెద్దయ్యాక కుడిచేత్తో రాస్తుండగా జర్మన్ శాస్త్రవేత్తలు మెదడు స్కాను తీసి 2002లో ప్రకటించారు. పుట్టుకతో కుడిచేతి వాళ్ళలో ముఖ్యంగా ఎడమ సగం పనిచేస్తే, వీళ్ళలో రెండు సగాలూ పనిచేస్తున్నాయి. దశాబ్దాల సాధన తర్వాత కూడా కుడి సగం పక్కకు తప్పుకోలేదు. దాపట మరిగిన ఎద్దును వలపట కడితే కాడి మోస్తుంది, చాలు కూడా పడుతుంది, కానీ అడుగడుగునా మెడ పాత వైపుకే తిప్పుతుంది. అక్షరం నేర్చుకోవడమే పెద్ద పనైన వయసులో ఈ అదనపు శ్రమ దేనికి?

తాతగారి మనసు కూడా చూడాలి. ఆయనకు నిజంగా బాధ కలిగించేది రాత కాకపోవచ్చు, అన్నం దగ్గరా ప్రసాదం దగ్గరా ఎడంచెయ్యి చాచడం కావచ్చు. అది మన ఆచారం, దాన్ని తక్కువ చేయను. మన దేశంలో ఎడంచేత్తో రాస్తూ కుడిచేత్తో అన్నం తినేవాళ్ళు ఎంతోమంది. పిల్లవాడు ఇబ్బంది లేకుండా నేర్చుకుంటే అన్నం దగ్గర కుడిచెయ్యి నేర్పుకోమని తాతగారికి చెప్పు. రాత మాత్రం వదిలేయమను. ఒక చెయ్యి అన్ని పనులూ చేయాలనే నియమం లేదని చెప్పడానికి మన క్రికెటర్లే చాలు. సచిన్ కుడివాటంగా బ్యాటు పట్టాడు, సంతకం ఎడంచేత్తో. గంగూలీ ఎడమవాటం బ్యాటు, బంతి కుడిచేత్తో. ఆ తాతగారు క్రికెట్ చూసేవారైతే నీ పని సగం అయిపోయినట్టే.

ఇక తరగతిలో నువ్వు చేయగలిగినవి. ఎడమచేతి పిల్లవాణ్ణి బల్లకు ఎడమ చివర కూర్చోబెట్టు, లేకపోతే పక్కవాడి మోచెయ్యి తగులుతుంది, ఇద్దరూ కొట్టుకుంటారు. పలక వాడికి శత్రువు. మనం ఎడమ నుంచి కుడికి రాస్తాం గనుక బలపంతో రాసిందంతా వాడి అరచేతి కిందే చెరిగిపోతుంది. నువ్వు చూసేసరికి అక్షరం ఉండదు, వాడు రాయలేదనుకుంటావు. తొందరగా పెన్సిలూ కాగితమూ ఇవ్వు. కాగితం వాడికి కాస్త ఎడమపక్కన, ఎడమ పై మూల ఎత్తుగా ఉండేలా ఏటవాలుగా పెట్టించు. పెన్సిలు మొన నుంచి ఒక అంగుళం పైన పట్టుకుంటే రాసింది కనబడుతుంది, మణికట్టు వంకర తిప్పుకోవాల్సిన అవసరం రాదు. మామూలు కత్తెర వాడి చేతిలో కాగితాన్ని నలుపుతుంది, కోయదు. ఎడమచేతి కత్తెరలు దొరుకుతాయి, బడికి ఒకటి కొను, డబ్బు నేను పంపుతాను. అక్షరాలు అద్దంలోలా తిప్పి రాస్తే గాభరా పడకు, ఆ వయసులో కుడిచేతి పిల్లలూ రాస్తారు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ ఇద్దరి నోటుబుక్కులూ తీసుకురా. సున్నా, ర, ల ఏ వైపు నుంచి మొదలుపెట్టి ఎటు తిప్పుతున్నారో నువ్వు దగ్గర కూర్చుని చూసి, పక్కన చిన్న బాణం గుర్తు పెట్టి ఉంచు. మీ పిన్ని అరిసెలకు బెల్లం ఇప్పుడే తెప్పించింది.

ఆశీస్సులతో,
మీ బాబాయి