పరిశోధన స్థానాల్లో నెట్‌వర్క్ స్విచ్ అమరికల భద్రత, పర్యవేక్షణ

చిన్న పరిశోధన స్థానాల్లో వాతావరణ కేంద్రపు సెన్సర్లు, ప్రయోగశాల కంప్యూటర్లు, కార్యాలయ సర్వరు తరచుగా ఒకే నెట్‌వర్క్‌పై పనిచేస్తాయి. వాటిని కలిపే స్విచ్ పిడుగుపాటుకో, విద్యుత్ హెచ్చుతగ్గులకో చెడిపోతే కొత్తది కొనడం సులభమే. ఏ పోర్టు ఏ వీల్యాన్‌కు చెందినదో తిరిగి కూర్చుకోవడమే కష్టం. ఈలోగా సొంత నిల్వ లేని సెన్సర్ల కొలతలు శాశ్వతంగా పోతాయి. ఆ పంటకాలపు వర్షపాతాన్ని మరల కొలవలేము కదా!

సిస్కో తరహా స్విచ్‌లలో అమరికకు రెండు ప్రతులుంటాయి. ప్రస్తుతం నడుస్తున్న ప్రతి (రన్నింగ్-కాన్ఫిగ్) తాత్కాలిక జ్ఞాపకంలోను, స్విచ్ తిరిగి మొదలైనపుడు చదువుకొనే ప్రతి (స్టార్టప్-కాన్ఫిగ్) శాశ్వత జ్ఞాపకంలోను ఉంటాయి. మార్పు చేసి, మొదటి ప్రతిని రెండవదానిలోకి నకలు చేయకపోతే, కరెంటు పోయి వచ్చిన వెంటనే ఆ మార్పు మాయమవుతుంది. మార్పు చేసిన ఆరు నెలలకు ఇది జరిగితే కారణం ఎవరికీ తట్టదు. అందరూ కేబుళ్లను అనుమానిస్తారు. కనుక ఈ రెండు ప్రతులను పోల్చి చూడడమే పర్యవేక్షణలో మొదటి మెట్టు.

మరొక చిక్కు ఉన్నది. వీటీపీ సర్వర్ పద్ధతిలో నడిచే క్యాటలిస్ట్ స్విచ్‌లలో వీల్యాన్‌ల జాబితా ఈ ప్రతులలో కనిపించదు, వీల్యాన్.డాట్ అనే వేరే ఫైలులో ఉంటుంది. దానిని విడిగా భద్రపరచనిదే బ్యాకప్ పూర్తి కాదు.

ప్రతులను పంపడానికి టీఎఫ్‌టీపీని ఇప్పటికీ వాడుతున్నవారున్నారు. దానిలో సంకేతపదం గాని, గుప్తీకరణ గాని లేవు. అమరిక ఫైలులో 'టైప్ 7' సంకేతపదాలుంటే, వాటిని విప్పడం క్షణాల పని. కాబట్టి ఎస్‌సీపీ లేదా ఎస్‌ఎఫ్‌టీపీ వాడడం మేలు. ఆక్సిడైజ్డ్, రాన్సిడ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఈ పనిని స్వయంచాలితం చేస్తాయి. ఆక్సిడైజ్డ్ సహజంగా గంటకొకసారి స్విచ్‌ను పలకరించి, అమరిక మారితే కొత్త ప్రతిని గిట్‌లో చేర్చగలదు. ఏ వరుస ఎప్పుడు మారిందో గిట్ చూపుతుంది. పాత ప్రతి ఇక్కడ మన కంట్రోల్ మడి వంటిది. అది లేకుండా తేడాకు అర్థం ఉండదు. రెండు మూడు స్విచ్‌లే ఉన్నచోట ప్రతి మార్పు తరువాత తేదీతో ఫైలు దాచుకొన్నా చాలునని నా అభిప్రాయం.

స్విచ్ సందేశాలను సిస్‌లాగ్ ద్వారా ఒక కంప్యూటర్‌లో చేర్చాలి. అయితే ఎన్‌టీపీతో గడియారాలను సరిచేయకపోతే ఏ సంఘటన ముందో, ఏది వెనుకో తేలదు. పోర్టుల స్థితిని ఎస్‌ఎన్‌ఎంపీతో గమనించవచ్చు. గుప్తీకరణ గల మూడవ రూపాంతరాన్నే ఎంచుకోవాలి. ఒక పోర్టులో సీఆర్‌సీ దోషాలు పెరుగుతుంటే ముందుగా కేబులునే చూడాలి. పొలం గట్టు వెంట వేసిన తీగలకు ఎలుకల బెడద ఎంతటిదో మనకు తెలియనిది కాదు.

పునరుద్ధరించి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోరాదు. వేసవిలో ప్రయోగాలు లేని వారంలో, అదనపు స్విచ్‌పై ప్రతిని ఎక్కించి పరీక్షించాలి. మోడల్ మారితే పోర్టుల పేర్లు మారవచ్చు. ఎస్‌ఎస్‌హెచ్ తాళపుచెవులు అమరిక ఫైలులో ఉండవు గనుక వాటిని మళ్లీ సృష్టించుకోవాలి. ఈ వివరాలను, సాఫ్ట్‌వేర్ రూపాంతరపు సంఖ్యను, పోర్టుల పట్టికను కాగితంపై ముద్రించి స్విచ్ పెట్టెలోనే ఉంచాలి. నెట్‌వర్క్ ఆగిన రోజున సర్వరులోని పట్టిక అందదు.