పదము, అర్థము, భావము

ఉర్దూలో నిన్నకును రేపటికిని ‘కల్’ అను మాట ఒక్కటే. ‘పర్సోం’ అనగా మొన్న కావచ్చును, ఎల్లుండి కావచ్చును. ఉర్దూ ఇంటిభాషగా గల విద్యార్థి తెలుగు మాట్లాడుచు నిన్నకు బదులు రేపు అన్నచో తరగతిలో నవ్వులు పుట్టును. ఆ విద్యార్థికి కాలభేదమే తెలియదని నవ్వువారి తలంపు. మాట లేనిచోట భావము కూడ లేదా? ఈ ప్రశ్నకు మూడు శాస్త్రములు మూడు దారులు చూపుచున్నవి.

భాషాశాస్త్రము పదమును ఒంటరిగా తూచదు. సొస్యూర్ అను స్విస్ పండితుని ఉపన్యాసములు ఆయన మరణానంతరము 1916లో గ్రంథముగా వెలువడినవి. పదము విలువ ఇరుగుపొరుగు పదములను బట్టి ఏర్పడునని అందలి ముఖ్యసూత్రములలో ఒకటి. తెలుగులో ‘నిన్న’ పొరుగున ‘రేపు’ హద్దుగా నిలిచినది. ‘కల్’కు అట్టి హద్దు లేదు. అయినను ‘కల్ ఆయా థా’ అన్నచో గడచిన దినమని, ‘కల్ ఆయేగా’ అన్నచో రానున్న దినమని ఉర్దూ పిల్లవానికి సందేహము కలుగదు. ఆ పదము చేయని పనిని క్రియ చేయుచున్నది. తెలుగులో మేనమామను, మేనత్త భర్తను, భార్య తండ్రిని ‘మామ’ అనియే పిలుతురు. ఉర్దూలో మామూ, ఫూఫా, ససుర్ వేర్వేరు. అంతమాత్రమున ఏ తెలుగువాడును ఆ మువ్వురిని ఒక్కరుగా పొరబడడు కదా!

మనశ్శాస్త్రము నిఘంటువును మూసి మనిషిని అడుగును. 1970 దశకములో అమెరికాలో ఎలినోర్ రోష్, పక్షిజాతికి మంచి ఉదాహరణలేవియని విద్యార్థులను అడుగగా రాబిన్ పిట్ట పైవరుసలో నిలిచినది. కోడియు పెంగ్విన్‌యు అడుగున పడినవి. కోడియు పక్షియే. కాని మనస్సులోని భావమునకు నడిబొడ్డు, పొలిమేర ఉన్నవి. మాటలు రాని శిశువులు సైతము పిల్లి చిత్రములను కుక్క చిత్రములనుండి వేరుపరచగలరని తరువాతి ప్రయోగములలో తేలినది. మన ప్రశ్నకు ఇది సూటియైన జవాబు.

తత్త్వశాస్త్రమున జర్మన్ పండితుడు ఫ్రెగె 1892లో ఇందుకు విపర్యయమైన ఉదాహరణమును చర్చించెను. వేకువన కనబడు చుక్కయు, సందెవేళ కనబడు చుక్కయు ఒకే శుక్రగ్రహము. వస్తువు ఒక్కటైనను అర్థములు రెండు. లేనిచో ఆ రెండును ఒకటేయని తెలిసికొనుటలో కొత్త జ్ఞానమేమియు ఉండదు. ఈ అర్థము ఏ ఒక్కరి మనోచిత్రమును కాదు, అందరి ఉమ్మడి సొత్తు అని ఆయన వాదము. ఇచటనే మనశ్శాస్త్రముతో పేచీ వచ్చును. అది నేటికిని తీరలేదు. రెండు భాషల నడుమ బోధించు నాకు మాత్రము ఫ్రెగె పక్షమే బలముగా తోచుచున్నది. ఉమ్మడి అర్థము లేనిదే అనువాదమెట్లు సాధ్యము?

కనుక అనువాదపరీక్షలో ‘కల్’ను ఒంటరిగా ఇచ్చి తెలుగు చేయుమనుట తగదు. క్రియతో కూడిన వాక్యము ఇచ్చినచో నిన్ననో రేపునో విద్యార్థియే ఎన్నుకొనును.