మలక్‌పేట రేసులకు వెళ్లేముందు

రఘూ,

స్నేహితులతో మలక్‌పేట రేసులకు వెళ్తున్నాననీ, ఓనమాలు కూడా తెలియవు కాబట్టి నాలుగు ముక్కలు రాయమనీ అడిగావు. వద్దంటాననుకున్నావేమో, అనను. 1886లో నిజాం మహబూబ్ అలీ పాషా హయాంలో మౌలాలి నుంచి ఆ మైదానానికి తరలి వచ్చిన పందేలవి, చూసి తీరాల్సినవే. కానీ చూడడం వేరు, కాయడం వేరు.

ముందు గుర్రం సంగతి. ప్రతి రేసుకూ ముందు గుర్రాలను ప్యాడక్‌లో తిప్పుతారు. జనం అప్పటికే బుకీల బోర్డుల దగ్గర మూగి ఉంటారు. నువ్వు మాత్రం ప్యాడక్ కంచె దగ్గరే నిలబడు. ఒళ్లు నిగనిగలాడుతోందా, అడుగు సాగదీసి వేస్తోందా, చెవులు నిక్కబొడుచుకుని ఉన్నాయా చూడు. వెనక తొడల మధ్య చెమట తెల్లగా నురగ కట్టి, సాయిసును అటూ ఇటూ ఈడ్చేస్తోందంటే, పరుగుకు దాచుకోవాల్సిన సత్తువ అక్కడే ఒలికిపోతోందన్నమాట. కొన్నిటికి అది అలవాటే, అలా చెమటలు కక్కుతూనే గెలుస్తాయి. అందుకే ఒక్కసారి చూస్తే చాలదు. అదే గుర్రాన్ని మళ్లీ మళ్లీ చూడాలి.

రేసుకార్డులో గుర్రం పేరు పక్కన కిలోల్లో ఒక అంకె ఉంటుంది. అది మోయాల్సిన బరువు. హ్యాండీక్యాప్ రేసుల్లో రేటింగ్ ఎక్కువున్న గుర్రానికి బరువూ ఎక్కువే. జాకీ తేలికైతే జీనుకు సీసం చేర్చి సరిచేస్తారు. అన్నీ ఒక్కసారే గీత దాటాలన్నది ఆ ఏర్పాటు ఉద్దేశం. కాబట్టి కిందటిసారి గెలిచిందని మురిసిపోకు. బరువు పెరిగిందా, దూరం 1200 మీటర్ల నుంచి 1600కు మారిందా చూసుకో.

ఇది నైపుణ్యం ఉన్న ఆటేనని సుప్రీంకోర్టు చెప్పిందని మీవాళ్లు అన్నారట. నిజమే, 1996లో లక్ష్మణన్ కేసులో చెప్పింది. గుర్రాన్ని అంచనా కట్టడం ఒక విద్య అని నేనూ ఒప్పుకుంటాను. ఆ విద్య ఉన్నవాడికి డబ్బు మిగులుతుందని మాత్రం ఏ తీర్పూ చెప్పలేదు. ఎందుకో కాగితం మీద నువ్వే లెక్క వేసుకో.

నాలుగు గుర్రాల రేసు అనుకుందాం. బుకీ బోర్డు మీద ధరలు ఒకటికి ఒకటి, ఒకటికి రెండు, ఒకటికి నాలుగు, ఒకటికి తొమ్మిది. ఏది గెలిచినా అసలుతో కలిపి నీ చేతికి వెయ్యి రావాలంటే వరసగా 500, 333, 200, 100 కాయాలి. మొత్తం 1133. వచ్చేది వెయ్యి. ఆ పై 133 బుకీ ముందే ధరల్లో కలిపేసుకున్నాడు. దానికి తోడు జీఎస్టీ, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. అది నీ లాభం మీద కాదురా, కాసిన సొమ్ము మీద! గుర్రాల గురించి ఎంత తెలిసినా ఈ రెండు కోతలూ దాటాకే నీకు రూపాయి కనపడేది.

బుకీ దగ్గర కాకుండా టోట్‌లో కాస్తే, అందరి డబ్బూ ఒకచోట చేర్చి, క్లబ్బు వాటా, పన్ను తీసేసి మిగిలింది గెలిచినవాళ్లకు పంచుతారు. టిక్కెట్టు కొనేటప్పుడు ఎంతొస్తుందో ఖాయంగా తెలియదు. విన్ (గెలుపు), ప్లేస్ (ముందు స్థానాల్లో రావడం) తప్ప దేని జోలికీ పోకు. టనాలా అంటూ ఎవరో ఊరిస్తారు. దాంట్లో మొదటి మూడు గుర్రాలనూ వచ్చిన వరసలోనే చెప్పాలి. పది గుర్రాలుంటే అలాంటి వరసలు 720.

నా భయమల్లా ఒక్కటే. మూడో రేసులో పోయింది నాలుగో రేసులో రాబట్టాలని రెట్టింపు కాసేవాళ్లను చాలామందిని చూశాను. చివరి రేసుకు వాళ్లు గుర్రాన్ని చూడరు, బోర్డునే చూస్తారు. పోయినా నీ నెల ఖర్చు కదలనంత నగదు జేబులో పెట్టుకుని వెళ్లు. ఫోన్లో డబ్బు పంపించమని ఎవర్నీ అడగకు, ఎవరికీ పంపించకు.

మొదటి రెండు రేసులూ ఏమీ కాయకుండా చూడు. ప్యాడక్‌లో నచ్చిన గుర్రం ఏదో, ఎందుకు నచ్చిందో రేసుకార్డు అంచున రాసుకో. కార్డు పారేయకుండా దసరాకు వచ్చేటప్పుడు తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న